అన్నాచెల్లెళ్ళ తెలుగు: ఒక మంత్రాల సీరియల్‌తో పాఠం

మన బడికి వచ్చే చాలా కుటుంబాల్లో ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. పెద్దపిల్లకి తెలుగు బాగానే వస్తుంది. రెండోవాడికి అర్థమవుతుంది గానీ, జవాబు ఇంగ్లీషులో చెప్తాడు. మూడో బిడ్డ కూడా ఉంటే ఆ బిడ్డ దగ్గర “అన్నం”, “పాలు”, “దా”, “వద్దు” లాంటి నాలుగు మాటలే మిగులుతాయి. తల్లిదండ్రులు అదే మనుషులు, ఇల్లు అదే ఇల్లు. అయినా ఒక బిడ్డకి అందినది ఇంకో బిడ్డకి అందడం లేదు.

దీని గురించి పిల్లలకి ఉపన్యాసం ఇస్తే వినరు. కానీ వాళ్ళకి తెలిసిన ఒక టీవీ హాస్య సీరియల్ సరిగ్గా ఈ విషయం మీదే నడుస్తుంది. దాని పేరు “విజర్డ్స్ ఆఫ్ వేవర్లీ ప్లేస్”. దాన్ని తరగతిలోనూ ఇంట్లోనూ తోబుట్టువుల తెలుగు కోసం ఎలా వాడుకోవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం. సీరియల్ చూడని తల్లిదండ్రుల కోసం ముందు కథ చెప్పుకుందాం.

కథ ఏమిటి?

ఈ సీరియల్ డిస్నీ ఛానెల్‌లో 2007 అక్టోబరులో మొదలై 2012 జనవరిలో ముగిసింది. నాలుగు సీజన్లు, మొత్తం 106 ఎపిసోడ్లు. పిల్లల కార్యక్రమాల విభాగంలో 2009లోనూ 2012లోనూ ఎమ్మీ అవార్డు వచ్చింది. దీని సృష్టికర్త టాడ్ గ్రీన్‌వాల్డ్. ఒక్కో ఎపిసోడ్ అరగంట లోపే అయిపోతుంది.

న్యూయార్క్‌లో మన్‌హాటన్‌లోని గ్రెనిచ్ విలేజ్‌లో రూసో కుటుంబం ఒక శాండ్‌విచ్ కొట్టు నడుపుతూ ఉంటుంది. పిల్లలు ముగ్గురు. పెద్దవాడు జస్టిన్ బుద్ధిమంతుడు, పుస్తకాల పురుగు. రెండోది ఆలెక్స్, సెలీనా గోమెజ్ వేసిన పాత్ర. తెలివైనది, బద్ధకస్తురాలు, అల్లరిది. చిన్నవాడు మాక్స్ తన లోకంలో తనుంటాడు. ముగ్గురికీ మంత్రశక్తులున్నాయి. అవి నాన్న జెర్రీ వైపు నుంచి వచ్చాయి. అమ్మ తెరీసా మెక్సికన్ మూలాలున్న మామూలు మనిషి. ఆమెని పెళ్ళి చేసుకోవడానికి జెర్రీ తన శక్తులు వదులుకున్నాడు.

ఇప్పుడు మనకి కావలసిన రెండు విషయాలు. ఒకటి: శక్తులు పుట్టుకతో వచ్చినా విద్య మాత్రం రాదు. కొట్టు వెనకాల ఉన్న రహస్యపు గదిలో నాన్న పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్తాడు. ఆలెక్స్ ఆవలిస్తుంది, ఎగ్గొట్టడానికి చూస్తుంది, హోంవర్కు చెయ్యదు. ఆదివారం పొద్దున్న మన తరగతి గది ఎలా ఉంటుందో అచ్చం అలాగే! రెండు: మాంత్రికుల లోకంలో ఒక చట్టం ఉంది. ఒక ఇంట్లో ఎంతమంది పిల్లలున్నా, పెద్దయ్యాక పోటీలో గెలిచిన ఒక్కరికే శక్తులు మిగులుతాయి. మిగతావాళ్ళవి పోతాయి.

తెలుగు విషయంలో అలాంటి చట్టం ఎవరూ పెట్టలేదు. అయినా చాలా ఇళ్ళలో జరుగుతున్నది అదే.

రెండోవాడికి ఎందుకు తగ్గుతుంది?

మొదటి బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లో మాటలన్నీ పెద్దవాళ్ళవే. అమ్మ, నాన్న, వచ్చి ఆరు నెలలుండి వెళ్ళిన అమ్మమ్మ. అంటే తెలుగే. ఆ బిడ్డ బడికి వెళ్ళగానే ఇంగ్లీషుని ఇంటికి తీసుకొస్తుంది. రెండో బిడ్డకి మాటలు వచ్చే వేళకి ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఒకరు తయారుగా ఉంటారు, అదీ తనకి అందరికంటే ఇష్టమైన మనిషి. ఆటలు, కొట్లాటలు, రహస్యాలు అన్నీ ఆ మనిషితోనే. అందుకని చిన్నబిడ్డకి అసలైన భాష ఇంగ్లీషు అవుతుంది. తెలుగు పెద్దవాళ్ళు వాడే భాషగా పక్కన ఉండిపోతుంది.

కాబట్టి రెండోవాడి తెలుగు నిలబడాలంటే అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడితే సగం పనే అవుతుంది. అక్కకీ తమ్ముడికీ మధ్య కొంతైనా తెలుగు నడవాలి. మన పాఠాల్లో “అమ్మతో మాట్లాడదాం”, “తాతయ్యకి ఉత్తరం రాద్దాం” అని ఉంటాయి గానీ, “అక్కతో పోట్లాడదాం” అని ఉండదు. ఆ ఖాళీ పూరించడానికే ఈ సీరియల్.

ముగ్గురు పిల్లలు, నాలుగు వరసలు

ఇంగ్లీషులో జస్టిన్, ఆలెక్స్, మాక్స్‌ల మధ్య ఉన్న వరసలు చెప్పడానికి రెండే మాటలు: బ్రదర్, సిస్టర్. అదే ముగ్గురిని తెలుగులోకి తీసుకురండి. ఆలెక్స్‌కి జస్టిన్ అన్నయ్య, మాక్స్ తమ్ముడు. జస్టిన్‌కి ఆలెక్స్ చెల్లెలు. మాక్స్‌కి అదే ఆలెక్స్ అక్క. ముగ్గురు పిల్లలతో నాలుగు వరసలూ వచ్చేస్తాయి. ఇంతకంటే మంచి బొమ్మ వెతికినా దొరకదు.

తరువాత మెట్టు పెద్దవాళ్ళది. నాన్నకి కెల్బో అనే సోదరుడు, మేగన్ అనే సోదరి ఉన్నారు. మేగన్ సంగతి తేలిక. నాన్నకి అక్క అయినా చెల్లెలయినా పిల్లలకి అత్తే. కెల్బోని మాత్రం “అంకుల్” అనేసి ఊరుకుంటే కుదరదు. నాన్నకి అన్న అయితే పెదనాన్న, తమ్ముడయితే బాబాయి. “కెల్బోని ఏమని పిలవాలి? ఎందుకు?” అని తరగతిని అడగండి. వయసు తెలియకుండా తెలుగులో వరస చెప్పలేమని పిల్లలు తమంతట తామే కనిపెడతారు. ఆ తరువాత “మరి అమ్మ తరఫున తమ్ముడుంటే?” అని అడిగితే మావయ్య దగ్గరికి వస్తాం. మన ఇళ్ళలో నాన్న స్నేహితుడూ అంకులే, మావయ్యా అంకులే అయిపోతున్న రోజుల్లో ఈ పది నిమిషాల పని చాలా మేలు చేస్తుంది.

నువ్వు, మీరు కూడా ఇక్కడే చెప్పెయ్యొచ్చు. ఆలెక్స్ తమ్ముణ్ణి “ఒరేయ్” అంటుంది. నాన్నని “నువ్వు” అంటుందా, “మీరు” అంటుందా? మీ ఇంట్లో ఎలా అంటారు? ఇళ్ళని బట్టి, ఊళ్ళని బట్టి మారుతుంది, రెండూ సరైనవే. కానీ ఆలెక్స్ స్నేహితురాలు హార్పర్ జెర్రీతో మాట్లాడాలంటే “మీరు” తప్ప ఇంకోటి కుదరదు. మాంత్రికుల బడి పెద్ద అయిన ప్రొఫెసర్ క్రంబ్స్‌తో అయితే “గారూ” కూడా చేరుతుంది.

ఆజ్ఞల తెలుగు, తగవుల తెలుగు

మన పిల్లలు ఇంట్లో వినే తెలుగుని ఒక్క రోజు కాగితం మీద రాసి చూడండి. లే. పళ్ళు తోముకో. తొందరగా తిను. బూట్లు వేసుకో. ఫోన్ పక్కన పెట్టు. పడుకో. చాలావరకు ఆజ్ఞలే. ఆజ్ఞకి జవాబు మాటల్లో అక్కర్లేదు, పని చేస్తే చాలు. అందుకే ఎన్నో ఏళ్ళు తెలుగు విన్న పిల్లాడికి కూడా నోరు విప్పి వాదించడం రాదు.

తోబుట్టువుల మాటలు వేరు. అందులో బేరం ఉంటుంది, బెదిరింపు ఉంటుంది, సాకులు చెప్పడం, వెక్కిరించడం, బతిమాలడం అన్నీ ఉంటాయి. ఈ సీరియల్‌లో ప్రతి ఎపిసోడూ వీటితోనే నడుస్తుంది. ఆలెక్స్ ఏదో తప్పించుకోవడానికి మంత్రం వేస్తుంది, అది తిరగబడుతుంది, జస్టిన్ తిడుతూనే సాయం చేస్తాడు. ఆ సన్నివేశాలకి కావలసిన తెలుగు ఇది. బోర్డు మీద రాసి, గట్టిగా పలికించండి:

“ముందు నేను!” “అది నాది, ఇలా ఇయ్యి.” “నువ్వు తొండి చేస్తున్నావ్.” “కావాలనే చేశావ్ కదూ?” “నేను కాదు, వాడే!” “అమ్మకి చెప్పేస్తా.” “చెప్పుకో, నాకేం భయమా?” “ప్లీజ్ అన్నయ్యా, ఈ ఒక్కసారికి!” “సరేలే, కానీ నాకేం ఇస్తావ్?”

వీటితో పాటు కొన్ని మాటలు నేర్పండి. చాడీలు చెప్పడం, అలగడం, బుజ్జగించడం, పంతం పట్టడం. “అలిగింది” అనేదాన్ని ఇంగ్లీషులో చెప్పి చూడమనండి. కోపం అంటే సరిపోదు, బాధ అన్నా సరిపోదు. ఎవరైనా వచ్చి బుజ్జగిస్తారని ఎదురుచూడడం కూడా అందులో ఉంది. ఆలెక్స్ ఎన్నిసార్లు అలిగిందో లెక్కపెట్టమంటే పిల్లలు ఆ మాట ఇక మర్చిపోరు.

కొందరు తల్లిదండ్రులకి ఇది నచ్చకపోవచ్చు. “బడికి పంపింది పోట్లాటలు నేర్చుకోవడానికా?” అని అడుగుతారు. వాళ్ళకి ఇలా చెప్పండి: పిల్లలు ఎలాగూ పోట్లాడుకుంటారు. ఏ భాషలో అన్నదే ప్రశ్న. కోపం వచ్చినప్పుడు, నవ్వు వచ్చినప్పుడు నోటికి ఏ భాష వస్తుందో అదే మనిషికి సొంత భాష.

“ఉంటే” పాఠం

మన పిల్లలకి కష్టమయ్యే వ్యాకరణంలో ముఖ్యమైనది షరతు వాక్యం. మంత్రాల కథకి ఇది ప్రాణం లాంటిది కాబట్టి ఇక్కడ సహజంగా వస్తుంది. మూడు మెట్లుగా చెప్పండి.

మొదటి మెట్టు, జరగగలిగేది: “నాకు మంత్రం వస్తే గిన్నెలన్నీ కడిగేస్తా.”

రెండో మెట్టు, జరగకుండా పోయింది: “ముందే అడిగి ఉంటే నాన్న చెప్పేవాడు.”

మూడో మెట్టు, చెయ్యకుండా ఉండాల్సింది: “నువ్వు ఆ మంత్రం వెయ్యకపోయి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు.”

రెండో మెట్టులో ఒక చోట జాగ్రత్త. “నేనే చేసేవాడిని” అని అబ్బాయి, “నేనే చేసేదాన్ని” అని అమ్మాయి అనాలి. ఇంట్లో తెలుగు ఎక్కువగా అమ్మ దగ్గరో అక్క దగ్గరో విన్న అబ్బాయిలు “చేసేదాన్ని” అనడం మామూలే. నవ్వకండి, ఎవరినీ నవ్వనివ్వకండి. “అవును, నువ్వే చేసేవాడివి” అని సరైన రూపం కలిసేలా జవాబిచ్చి ముందుకు వెళ్ళిపోండి.

పెద్ద తరగతులకి 2009లో వచ్చిన ఈ సీరియల్ సినిమా బాగుంటుంది. అందులో ఆలెక్స్ కోపంలో అమ్మానాన్నలు అసలు కలుసుకోకుండా ఉంటే బాగుండేది అన్న అర్థంలో ఒక మాట అనేస్తుంది. మంత్రదండం చేతిలో ఉండడంతో అది నిజమైపోతుంది. అమ్మానాన్నలకి ఈ పిల్లలెవరో తెలియదు. “ఆలెక్స్ ఆ మాట అనకపోయి ఉంటే…” అని మొదలుపెట్టి అయిదు వాక్యాలు రాయమనండి. వ్యాకరణంతో పాటు, నోరు జారిన మాట ఎంత పని చేస్తుందో కూడా వాళ్ళే రాస్తారు.

తరగతిలో ఒక గంట

ఎపిసోడ్ మొత్తం తరగతిలో వెయ్యొద్దు, గంటలో సగం ఇంగ్లీషు వింటూ గడిచిపోతుంది. ముందు వారమే తల్లిదండ్రులకి చెప్పి, ఇంట్లో చూసి రమ్మనండి. తరగతికి రెండు మూడు నిమిషాల సన్నివేశం ఒక్కటి చాలు. ముగ్గురు పిల్లలూ కలిసి వాదించుకునేది ఎంచుకోండి.

మొదటి 10 నిమిషాలు: వరసల చెట్టు, పైన చెప్పినట్టు.
తరువాత 10 నిమిషాలు: సన్నివేశాన్ని శబ్దం తీసేసి రెండుసార్లు చూపించండి. ఎవరు ఏమంటున్నారో ఊహించి తెలుగులో చెప్పమనండి.
తరువాత 20 నిమిషాలు: ముగ్గురేసి జట్లుగా కూర్చుని డబ్బింగ్ మాటలు తయారు చేసుకుంటారు. ఇంగ్లీషు మాటలకి అనువాదం అక్కర్లేదు. తెలుగింటి పిల్లలైతే ఏమంటారో అదే కావాలి.
తరువాత 15 నిమిషాలు: శబ్దం లేని బొమ్మ మీద ఒక్కో జట్టూ డబ్బింగ్ చెప్తుంది.
చివరి 5 నిమిషాలు: ప్రతి పిల్లా తనకి నచ్చిన ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఇంటికెళ్ళి దాన్ని అక్క మీదో తమ్ముడి మీదో ప్రయోగించాలి.

సాధారణంగా మనం అన్నని ఒక తరగతిలో, చెల్లిని ఇంకో తరగతిలో వేస్తాం. ఈ పాఠం రోజున మాత్రం, వీలైతే నెలకోసారి, తోబుట్టువుల్ని ఒకే జట్టులో కూర్చోబెట్టండి. ఒక్కరే ఉన్న పిల్లల్ని వేరే ఇంటి జట్టుతో కలపండి. వాళ్ళకి ఇంట్లో లేని అన్నో అక్కో ఆ గంటకి దొరుకుతారు.

ఒక హెచ్చరిక. తెలుగు బాగా వచ్చిన పెద్దపిల్లని పంతులమ్మని చెయ్యకండి. జస్టిన్ ప్రతిదానికీ తప్పులు దిద్దుతాడు, ఆలెక్స్ ఒక్కటీ వినదు. కానీ తను వేసిన పథకానికి ఒక మంత్రం కావలసి వచ్చినప్పుడు తనే వచ్చి అడిగి నేర్చుకుంటుంది. పెద్దపిల్ల పని తప్పులు దిద్దడం కాదు, తెలుగులో ఆడడం. అలాగే చిన్నవాడి తరఫున జవాబు చెప్పేసే అలవాటు కూడా మాన్పించండి. “వాడికి తెలుగు రాదు టీచర్” అన్న మాట పదిసార్లు విన్నవాడు అదే నిజమనుకుంటాడు.

మరో సంగతి. ఈ సీరియల్‌లో ప్రేమ వ్యవహారాల ఎపిసోడ్లు, ఆలెక్స్ అమ్మానాన్నలతో అబద్ధాలాడే సందర్భాలు కూడా ఉన్నాయి. ముందు మీరు చూసి ఎంచుకోండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి కథ మీరే చెప్పి, బొమ్మలతో ఆడించడం మేలు.

మన మంత్రాల కథ: మాయాబజార్

ఈ పాఠం తరువాత మన సొంత మంత్రాల హాస్యం వైపు వెళ్ళడం తేలిక. 1957లో కె.వి. రెడ్డి తీసిన మాయాబజార్‌లో రూపం మార్చడం, మాయ వంటలు, మాయ ఇళ్ళు అన్నీ ఉన్నాయి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారినప్పుడు సావిత్రి నడక, చూపు ఎలా మారిపోతాయో చూసి ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా పడీపడీ నవ్వుతారు.

వరసలకి కూడా ఇది గని. శశిరేఖకి కృష్ణుడు బాబాయి, సుభద్ర మేనత్త, అభిమన్యుడు బావ. ఘటోత్కచుడు అభిమన్యుడికి పెదనాన్న కొడుకు, అంటే అన్న. ఇంగ్లీషులో బావా అన్నా ఇద్దరూ కజిన్లే. ఇక్కడ ఒకరు పెళ్ళి చేసుకోబోయేవాడు, ఇంకొకరు ఆ పెళ్ళి జరిపించడానికి వచ్చిన పెద్దన్న!

ఈ సినిమాలో టీచర్లకి పనికొచ్చే సన్నివేశం ఇంకోటి ఉంది. రాక్షస శిష్యుడు “తసమదీయులు” అని లేని మాట ఒకటి పుట్టిస్తాడు. గురువుకి అది తప్పుగా తోస్తుంది. ఘటోత్కచుడు మాత్రం ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెక్కణ్ణుంచి వస్తాయని మెచ్చుకుంటాడు. రాసింది పింగళి నాగేంద్రరావు. మన తరగతిలో ఒక పిల్లాడు ఎస్కలేటర్‌ని “నడిచే మెట్లు” అంటే మనం గురువులా ముఖం పెట్టకుండా ఘటోత్కచుడిలా మెచ్చుకోవాలి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

రోజంతా తెలుగే మాట్లాడాలని పిల్లలకి నియమం పెడితే మూడో రోజుకి మాయమవుతుంది. దానికి బదులు ఒక చోటు ఎంచుకోండి. రూసో పిల్లలకి కొట్టు వెనకాల గది ఉన్నట్టు, మీ పిల్లలకి కారు వెనక సీటు కావచ్చు, శనివారం దోసెలు పోసే వేళ వంటగది కావచ్చు. అక్కడ పిల్లలిద్దరూ ఒకరితో ఒకరు తెలుగులో మాట్లాడుకుంటారు. మధ్యలో ఇంగ్లీషు మాట దొర్లితే పట్టించుకోకండి, వాక్యం తెలుగైతే చాలు.

తగవు తీర్చేటప్పుడు చిన్న కిటుకు వాడండి. “తెలుగులో చెప్పిన వాళ్ళ మాట ముందు వింటాను” అనండి. తన వాదన ముందు చెప్పుకోవాలనే ఆత్రంలో చిన్నవాడి నోటి నుంచి ఎన్నడూ వినని వాక్యాలు వస్తాయి. కానీ దెబ్బ తగిలి ఏడుస్తున్నప్పుడు, బడిలో ఎవరో బాధపెట్టి వచ్చినప్పుడు ఈ కిటుకు వద్దు. అప్పుడు వాళ్ళకి వచ్చిన భాషలోనే వినండి. మీరు మాత్రం తెలుగులో ఓదార్చండి.

సీరియల్‌లో ఆలెక్స్ పదిహేనో పుట్టినరోజు ఎపిసోడ్ ఒకటి ఉంది. వీలైతే అమ్మానాన్నలు పిల్లలతో కలిసి చూడండి. లాటిన్ అమెరికా కుటుంబాల్లో ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండగానే కిన్సియన్యేరా అనే వేడుక చేస్తారు. మన ఓణీల వేడుక గుర్తొస్తుంది. తెరీసాకి అది చెయ్యాలని ఎంతో ఆశ, ఎందుకంటే తన చిన్నప్పుడు తనకి జరగలేదు. కూతురికి ఇష్టం లేదు. చివరికి మంత్రంతో తల్లీకూతుళ్ళ రూపాలు తారుమారవుతాయి. చూశాక ఒక్క ప్రశ్న అడగండి: “ఈ వేడుక ఎవరి కోసం?” పిల్లలు ఏం చెప్పినా వినండి. తెలుగు బడి గురించి కూడా వాళ్ళ మనసులో అదే ప్రశ్న ఉండొచ్చు.

తెలుగు మాట్లాడడం మానేసిన తల్లిదండ్రులకి 2024లో మొదలైన కొత్త సీరియల్ గురించి చెప్పండి. అందులో జస్టిన్ పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, తను మాంత్రికుణ్ణన్న సంగతి భార్యకీ ఇద్దరు కొడుకులకీ చెప్పకుండా మామూలుగా బతుకుతుంటాడు. చిన్నప్పుడు అందరికంటే శ్రద్ధగా విద్య నేర్చుకున్నది అతనే! తనకి వచ్చినది పిల్లలకి అక్కర్లేదని పెద్దవాళ్ళు ఎంత సులువుగా అనేసుకుంటారో ఆ కథ చూస్తే తెలుస్తుంది.

పాత సీరియల్ చివర్లో పోటీ జరుగుతుంది. ఆలెక్స్ గెలిచే దారిలో ఉండి కూడా, చిక్కుకుపోయిన అన్నకి సాయం చెయ్యడానికి వెనక్కి వెళ్తుంది. అందువల్ల జస్టిన్ ముందు చేరతాడు. కానీ ఆ గెలుపు తనది కాదని అందరి ముందూ చెప్పేస్తాడు. శక్తులు ఆలెక్స్‌కి వస్తాయి. ప్రొఫెసర్ క్రంబ్స్ తన బడి బాధ్యత జస్టిన్‌కి అప్పగించడంతో అతని శక్తులూ నిలుస్తాయి. చిన్నవాడు మాక్స్‌కి మాత్రం శాండ్‌విచ్ కొట్టు మిగులుతుంది.

“మాక్స్‌కి కూడా ఉండాల్సింది కదా?” అని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అన్నవాళ్ళని మెచ్చుకుని, మీ ఇంట్లో చిన్నవాళ్ళెవరు అని అడగండి. ఈ వారం వాళ్ళతో తెలుగులో ఒక ఆట ఆడి, ఎవరు తొండి చేశారో వచ్చే వారం చెప్పమనండి. అదే హోంవర్కు.